పసుపు మీద వేలిముద్ర

"పసుపు ఆరిందానే?"

"ఆరలే. ముట్టకు, అంటుకుంటది."

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. దసరా ఇంకా పన్నెండు రోజులుంది. పసుపు రంగు అద్దిన పండుగ కార్డులు వసారాలో తీగకు వేలాడుతున్నాయి. తడి గోనెసంచిలో చుట్టి ఉంచిన బీడీల తునికాకు తేవడానికి లోపలికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి మా ఇంటాయన గంగారాం మంచం మీద పక్కకు ఒరిగి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. కుడి చూపుడు వేలి కొసకు పసుపు ఉంది. వద్దన్నా ముట్టాడు. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషిని "ముట్టకు" అని సాగనంపాను. అందరికంటే ముందు నా నోటి మీదే నాకు రోత.

ఆయన ఎవరో తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. పడుచుతనంలో బోధన్‌లో చక్కెర బస్తాల మీద అచ్చులు కొట్టేవాడు. ఆ పని పోయాక నిజామాబాద్ వచ్చాము. నేను బీడీలు చుట్టాను. ఆయన చేతికి అచ్చు కొట్టకపోతే తోచదు. దసరాకు, ఉగాదికి, రంజాన్‌కు దళసరి కాగితం మీద కార్డులు చేయడం మొదలుపెట్టాడు. దసరా నాడు జమ్మి ఆకుతో పాటు ఆయన కార్డు అందుకున్న ఇళ్లు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి.

ఆ కార్డుకు మూడు పొరలు. మొదటిది పసుపు. గోనెపట్ట ముక్కను రంగులో అద్ది కాగితం మీద ఒత్తితే నేత గళ్లు గళ్లుగా పడుతుంది. అది ఆరాక రెండోది ఆకు. బీడీలకు కత్తిరించగా మిగిలిన తునికాకు ముక్క వెనుక వైపు నరాలు లేచి ఉంటాయి. వాటికి ఎర్రమట్టి రంగు పూసి అరచేత్తో ఒత్తాలి. ఎక్కువైతే ముద్ద అవుతుంది, తక్కువైతే నరం పడదు. ఆ రెండు పొరలూ ఆరాక పైన అక్షరాలు. అక్షరాల అచ్చులు చెక్కేదీ కొట్టేదీ ఆయన. "అక్షరం తేలాల్నంటె కింద అడుగు ఉండాలె" అనేవాడు. అడుగు వేసేదాన్ని నేను.

ఆయన తప్పులు చేయలేదని కీర్తించను. బోధన్‌లో గడియారాలు బాగుచేసే కరీం భాయ్ ఆయనకు ప్రాణ స్నేహితుడు. ఒక రంజాన్‌కు అతని కోసం ఉర్దూ అక్షరాలు చెక్కాడు. తెలుగు అచ్చును ఎప్పుడూ తిరగేసి చెక్కే మనిషి, దాన్ని మాత్రం ఉన్నది ఉన్నట్టు చెక్కాడు. కార్డు అందుకున్న కరీం భాయ్ బస్సెక్కి మా ఇంటికే వచ్చాడు.

"అరె గంగారాం భాయ్, నీ ఈద్ ఉల్టా వచ్చింది గద! అద్దం ముంగట పెట్టి సదువుకున్న."

"అది ముందుగాలనే కుడి దిక్కు సంది ఉల్టా రాస్తరు గద, మల్ల ఉల్టా చెక్కుడెందుకని ఊకున్న."

ఆ రోజు ముగ్గురం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాము. మరుసటి ఏడు సరిగ్గా చెక్కి ఇచ్చినా, కరీం భాయ్ తన దుకాణంలో అద్దానికి ఎదురుగా పెట్టుకున్నది ఆ తప్పు కార్డునే.

ఇంకొకటి చెప్పాలి. ఒకసారి బడిలో ఆయన కార్డులు వరుసగా పెట్టి శాలువా కప్పారు. ఒక సారు అడిగాడు, "ఎనుక ఈ నరాల పని ఎట్ల చేస్తవ్ గంగారాం?" అని. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఈయన నా వైపు చూడకుండా, "గది ఇంట్ల అయితది సార్" అన్నాడు. ఇంట్లో అవుతుందట, అన్నం ఉడికినట్టు. ఆ శాలువాను నేను ఏడాదిపాటు ముట్టలేదు. చనిపోయిన మనిషి గురించి ఇది చెప్పవచ్చునా అంటే, ఆయన బతికుండగానే మొహం మీద చెప్పాను. తల దించుకుని విన్నాడు.

ఇక ఇప్పటి సంగతి. ఏటేటా ఆయన స్వయంగా ఇంటింటికీ తిరిగి కార్డు ఇచ్చిన వాళ్లందరూ ఆయన పోయాడని తెలిసి ఫోన్లో ఒకే బొమ్మ పంపారు. రెండు చేతుల దండం, పక్కన దీపం. ఎవరు పంపినా అదే దండం, అదే దీపం. చూసి చూసి రోత పుట్టి ఫోను బోర్లా పెట్టాను.

దానికంటే పెద్ద రోత ఆయన జ్ఞాపకార్థం ఈ సంచిక వేస్తున్న కళాకారుల సంఘం వాళ్లు చేశారు. అట్ట మీదికి ఆయన ఆఖరి కార్డు కావాలన్నారు. దాచుకున్నది ఇచ్చాను. ఆ రోజు ఆయన వేలు పెట్టి చూసినది అదే. తడి పసుపు మీద వేలు పడి గళ్లు చెదిరాయి, గీతలతో సహా ముద్ర నిలిచింది. దినాలయ్యాక ఆ ముద్రను తప్పించి చుట్టూ ఆకు ఒత్తాను. పైన అక్షరాలు లేవు, వేసే మనిషి లేడు. సంఘం కార్యదర్శి దాన్ని కంప్యూటర్‌లో పెట్టి, అట్ట తయారు చేసి తెచ్చి చూపించాడు.

"సూడు అవ్వా, ఎనుక మరకలన్నీ తీసేసినం. మస్తు సాఫ్‌గ వచ్చింది."

తెల్లగా ఉంది. గోనె గళ్లు లేవు, ఆకు లేదు, వేలు లేదు. నడుమ బంగారు రంగులో "కళాతపస్వి" అని మాత్రం ఉంది.

"మరకలా బిడ్డా? ఒకటి నా చెయ్యి, ఒకటి ఆయన వేలు. ఇగ మిగిలిందేంది?"

"గట్లంటె ఎట్లవ్వా, అందరు సూసేది గద!"

అందరూ చూసేది కాబట్టే చెబుతున్నాను. ఆ కార్డు మరకలతోనే అట్ట మీదికి వస్తే ఈ మాటలు లోపల వేయండి. లేకపోతే ఇవీ వద్దు, ఆయన పేరూ వద్దు. నేను సంతకం రాక వేలిముద్ర వేస్తానని ఆయన జీవితమంతా ఎగతాళి చేశాడు. ఎన్ని పండుగలకో అక్షరాలు కొట్టిన మనిషి, చివరికి తానూ వేలిముద్రే వేసి పోయాడు. సంతాప సభలో అందరూ తీరని లోటు అన్నారు. నా లోటు ఇంత: తీగ మీద ఇరవై మూడు కార్డులు పసుపు ఆరి, ఆకు పడి, పైపొర లేకుండా ఉన్నాయి. ఆ అచ్చులు నాకు తిరగేసి చదవడం రాదు, సరిగా చదవడమూ అంతంతే. వాటి మీద ఇంకెవరి అక్షరమూ పడనివ్వను.

నేను చెబుతుంటే ఇదంతా రాసింది నా చెల్లెలి కూతురు సుజాత, ఎడపల్లి బడిలో పంతులమ్మ. నా మాటను అచ్చులో ఉండే మాటగా మార్చి రాస్తున్నానంటోంది. "ముట్టకు" దగ్గర కలం ఆపి, "గది తీసేద్దామా పెద్దమ్మా?" అని ఒకసారి అడిగింది కూడా.

సుజాతా, కలం కింద పెట్టు. మొదటి సంది సదువు, నేను ఇంట. నువ్వు గూడ యాడన్న మరక తుడిసినవేమో సూడాలె.