ఇన్నమ్మ దాటేసిన పేజీ

మరాఠీ గడ్డ మీద తెలుగు నేతవాళ్లు బతికే దాజీ పేట్‌లో బీడీలు చుట్టే ఆడవాళ్లలో తెలుగు చదవడం వచ్చింది ఇన్నమ్మ ఒక్కదానికే. మిగతావాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడినా, బడికి పోయిన ఒకరిద్దరూ నేర్చింది మరాఠీయే. ఇన్నమ్మ పెళ్లికి ముందు వరంగల్ దిక్కున సిస్టర్ల బడిలో ఏడో తరగతి దాకా చదివింది. ఆ సందులో శిలువ గుర్తు వేసుకునే ఇల్లు కూడా ఆమెదొక్కటే. భర్త జోజి సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, తువ్వాళ్లు నేసేవాడు. మధ్యాహ్నాలు యమునాబాయి అరుగు మీద ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, ఇన్నమ్మ ఏదో ఒక నవల చదివి వినిపించేది. ఆమె వంతు బీడీలు మిగతావాళ్లు చుట్టి పెట్టేవాళ్లు.

ఎనభై ఏడు ఎండాకాలంలో అశోక్ చౌక్ దగ్గర పాత కాగితాల దుకాణంలో ఆమెకు అట్ట ఊడిన తెలుగు నవల ఒకటి దొరికింది. చచ్చిపోయిన ఒక వ్యాపారి నరకంలో గది గదీ తిరిగే కథ. కల్తీ చేసినవాళ్ల గది, చాడీలు చెప్పినవాళ్ల గది. ఆడవాళ్లు నవ్వుకుంటూ విన్నారు. తమకు తెలిసిన సేట్లను ఒక్కొక్కరినే ఆ గదుల్లోకి తోశారు. ఇన్నమ్మకు నవ్వు రాలేదు. సిస్టర్లు చెప్పిన నరకం ఆమెకు కథ కాదు. చదువుతుంటే భయమేసేది, అయినా పుస్తకం వదలబుద్ధయ్యేది కాదు.

ఆ రోజు కొత్త గది తెరుచుకుంది. తమ ప్రాణం తామే తీసుకున్నవాళ్ల గది. ఇన్నమ్మ కళ్లు నాలుగు వాక్యాలు ముందుకు పరిగెత్తి ఆగిపోయాయి. ఎదురుగా గంగుబాయి కూర్చుని ఉంది. చూపు పోయి మగ్గం దిగాక, ఆమె భర్త సిద్ధరాములు పోయిన ఏడు పేట చివర బావిలో దూకాడు.

ఇన్నమ్మ పేజీ తిప్పేసి తర్వాతి గది మొదలుపెట్టింది.

ఆకు కత్తిరిస్తున్న గంగుబాయి చెయ్యి ఆగింది. "ఇన్నమ్మా, ఒక కాయితం చదువకనే తిప్పినవ్."

"అండ్ల ఏం లేదక్కా. ఊకెనే ఏదో రాసిండు."

"ఏం లేకుంటె నన్ను జూసి నీ మొకం గట్లెందుకైంది? ఖరం సాంగ్, నిజం చెప్పు. మా ఆయిన అసుంటోళ్ల ముచ్చటేనా?"

"పోనియ్యి గంగూ, కథనే గద," అంది యమునాబాయి.

గంగుబాయి వినలేదు. "చదువు."

అబద్ధమాడితే పాపం. చదివితే అంతకన్నా పెద్ద పాపమేమో. ఇన్నమ్మ పేజీ వెనక్కి తిప్పి చదివింది. ఆ గదిలో మంటలు లేవు. మనుషులు చీకట్లో నిలబడి ఉంటారు. భూమి మీద తమవాళ్లు పిలిచే ప్రతి పిలుపూ వాళ్లకు వినిపిస్తుంది. బదులు పలకడానికి మాత్రం నోరుండదు.

గంగుబాయి లేచింది. చాట అక్కడే వదిలి, చెప్పులైనా వేసుకోకుండా వెళ్లిపోయింది.

"ఏం పని చేసినవే!" అంది యమునాబాయి.

ఇన్నమ్మకు బావి గుర్తొచ్చింది. పుస్తకం పడేసి పరుగెత్తింది. పరుగెత్తుతుంటే మేనమామ చిన్నప్ప కళ్లముందు మెదిలాడు. ఉరిపోసుకున్న పాపానికి అతన్ని ఊళ్లో సమాధుల తోట గోడకు బయట పూడ్చారు. అతని కోసం ఏడిస్తే అమ్మమ్మే నోరు మూయించింది. అప్పటినుంచీ ఇన్నమ్మ ఏ ప్రార్థనలోనూ ఆ పేరు తలచుకోలేదు. ఇప్పుడు తన నోటితో చదివిన మాటలే ఇంకో మనిషిని చంపుతాయా?

బావి దగ్గర ఎవరూ లేరు. అక్కడినుంచి గంగుబాయి ఇంటికి ఉరికింది. తలుపు లోపల గడియ పెట్టి ఉంది.

"అక్కా! తలుపు తియ్యి!" రెండు చేతులా బాదింది. లోపలినుంచి ఏదో గొంతు వస్తోంది. పక్కింటి సాంచెల మోతలో అది అరుపో ఏడుపో తెలియలేదు. భుజంతో తోసింది.

తలుపు తెరుచుకుంది. గంగుబాయి ముఖమంతా తడిసి ఉంది కానీ మనిషి నిబ్బరంగానే ఉంది.

"ఎందుకట్ల గుద్దుతున్నవ్? పిలుస్తున్న."

"ఎవల్ని?"

"సిద్ధరాముల్ని."

ఇన్నేళ్లలో భర్త పేరు ఆమె నోట రావడం ఇన్నమ్మ ఎన్నడూ వినలేదు.

"నన్నొక్కదాన్ని ఇడిసి పోయిండని కోపంతోని ఏడాది సంది మనసుల గూడ పిలువలే," అంది గంగుబాయి. "పిలుస్తె ఇంటరంట గద! నోరు లేకుంటె లేకపాయె, చెవులున్నయ్ గద. పేరు వెట్టి పిలుస్తె నలుగురు నవ్వుతరని తలుపేసుకున్న."

ఇన్నమ్మ గడప మీదే కూలబడింది. తనను వణికించిన మాటల్లోంచే ఈమె తన మొగుణ్ణి వెతికి పట్టుకుంది. "మా మామ గూడ గట్లనే పోయిండక్కా," అంది. ఆ సంగతి జోజికి కూడా చెప్పలేదు.

"పేరేంది?"

"చిన్నప్ప."

"మరి పిలువు."

ఇన్నమ్మ తల అడ్డంగా ఊపింది. గంగుబాయి పక్కన కూర్చుని, తంబాకు అంటిన చేత్తో ఆమె చెయ్యి పట్టుకుంది. చివరికి ఇన్నమ్మ శిలువ గుర్తు వేసుకుని, "మామా," అంది. "చిన్నప్ప మామా."

ఆ ఆదివారం చర్చిలో ఇద్దరి ఆత్మల కోసం పూజ చేయమని ఫాదర్‌ను అడిగింది. ఎలా పోయారో దాచలేదు. ఒకరు మన విశ్వాసం వాడు కాడనీ చెప్పింది. ఫాదర్ పూజల పుస్తకం తెరిచాడు. పేర్లు చెప్పమని మరాఠీలో అడిగాడు.

మరుసటి వారం పూజలో ఆ రెండు పేర్లూ వినిపించాయి. వెనక వరుసలో తలమీద కొంగు కప్పుకుని గంగుబాయి కూడా కూర్చుంది.