రంగూన్ వెళ్ళాల్సిన హుసేనమ్మ

1938లో నేను కడపలో ఒక మిషను ఆసుపత్రికి మేట్రన్‌గా వచ్చాను. మేట్రన్ అంటే నర్సులందరికీ పెద్ద. మాది గుంటూరు వైపు. వచ్చి నెల కూడా కాలేదు. ఊరూ తెలియదు, మనుషులూ తెలియరు. పైగా నాది ముందునుంచీ అనుమానపు బుద్ధి. స్పిరిట్ సీసా నేను వాసన చూస్తే గానీ బీరువాలో పెట్టనివ్వను.

ఆ రోజుల్లో రంగూన్ వెళ్ళే నర్సులకు కొత్త చిక్కు వచ్చిపడింది. అంతకుముందు ఏడాదే బర్మాను మన దేశం నుంచి విడదీశారు. మద్రాసు రిజిస్ట్రేషన్ ఒక్కటే చాలదు, అక్కడి రిజిస్టర్‌లో మళ్ళీ పేరెక్కాలి. దానికి వెరిఫికేషన్ కావాలి. అంటే ఫొటోలో ఉన్న మనిషీ, మా దగ్గర చదివిన మనిషీ ఒకరేనని మేట్రన్ సంతకం పెట్టాలి. చచ్చిపోయిన నర్సు సర్టిఫికెట్‌తో ఇంకొకతె ఉద్యోగం వెలగబెట్టిన సంగతులు నేను విని ఉన్నాను.

అలాంటప్పుడు ప్రొద్దుటూరు నుంచి ఒకామె వచ్చింది. మా ఆసుపత్రి ఇచ్చిన సర్టిఫికెట్‌లో పేరు హుసేనమ్మ. మనిషిని చూస్తే నుదుట ఇంత కుంకుమ బొట్టు, కాళ్ళకు పసుపు. నాకు అక్కడే తేడాగా అనిపించింది.

“ఈ పేరు నీదేనా?”

“నాదేనమ్మా.”

“మరి ఈ బొట్టేమిటి?”

“మేము హిందువులమే. మాయమ్మకు బిడ్డలు నిలవకుంటే దర్గాకు మొక్కుకునింది. మా అన్న పేరు మస్తానప్ప.”

అడగకుండానే అన్న పేరు చెప్పడం నాకు నచ్చలేదు. వల్లించుకొచ్చిన పాఠంలా తోచింది. విచారిద్దామంటే ఆమెకు చదువు చెప్పిన పాత మేట్రన్ ఇంగ్లండు వెళ్ళిపోయింది. తోటివాళ్ళు తలో ఊరికి చెదిరిపోయారు.

“నిన్ను ఎలా నమ్మమంటావు?” అన్నాను.

“మీరే నమ్మకుంటే నేను యాడికి పోవాలమ్మా? మా ఆయన రంగూన్‌లో బియ్యం మిల్లులో ఉండాడు. ఆడ ఆసుపత్రిలో నాకు నర్సు పని ఇస్తామన్నారు. రిజిస్టరు కాకుంటే ఆయాగా చేరమంటారు. ఎన్నో పురుళ్ళు పోసిన చేతులివి. ఆయా పనికైతే నేను పోను.”

మాట గట్టిగానే ఉంది. దొంగలకూ గట్టి మాటలే వస్తాయి కదా అనుకున్నాను. వార్డుకు తీసుకెళ్ళి ఒక పడక సర్దమన్నాను. దుప్పటి మూలలు మా ఆసుపత్రి పద్ధతిలోనే మడిచింది. పని వచ్చు, సరే. పేరు ఆమెదేనా? అరువు పేరు పెట్టుకున్న మనిషి ఉన్నట్టుండి పిలిస్తే పలకదని నా లెక్క. ఆమె అటు తిరిగి ఉండగా “హుసేనమ్మా!” అని గట్టిగా పిలిచాను.

ఆమె వెంటనే ఇటు తిరిగింది. ఎనిమిదో పడక మీది ముస్లిం ఆవిడ “జీ” అంది. పన్నెండో పడక మీద, మెడలో తాళి, నుదుట బొట్టు ఉన్న పల్లెటూరావిడ “ఆఁ, వస్తాండా” అంటూ కిందికి దిగి, బట్టలు మూటగట్టడం మొదలుపెట్టింది.

మా దగ్గర రోగుల్ని పడక నంబరుతో పిలవడం ఆచారం. అందుకే వాళ్ళ పేర్లు నాకు తెలియవు.

“మూటెందుకమ్మా?” అన్నాను.

“ఇంటికి పంపిస్తాండారేమో అనుకుంటి. ఈడికొచ్చినప్పటి నుంచి పేరు పెట్టి ఎవురూ పిలవలా. ఇంగ పొమ్మనేదానికే పిలిచినారనుకున్యా.”

“నీకు ఆ పేరెవరు పెట్టారు?”

“దర్గాకు మొక్కుకుంటే పుట్టినానంట.”

నాకు సిగ్గేసింది. నర్సు హుసేనమ్మ నవ్వలేదు. పన్నెండో పడకామెను మెల్లిగా పడుకోబెట్టి, దుప్పటి కప్పి నా వైపు చూసింది. నేను గదిలోకి వెళ్ళి సంతకం పెట్టాను.

“రంగూన్‌లో వాళ్ళు గూడా మీ మాదిరే అడిగితే?” అంది.

అడుగుతారు. నేనైనా అడుగుతాను. అందుకే సంతకం కింద నా చేత్తోనే రాశాను: ఈ జిల్లాలో హిందువులూ ఈ పేరు పెట్టుకుంటారు, ఈమెది పుట్టుకతో వచ్చిన పేరే, నేను విచారించాను అని. కొన్నాళ్ళకు రంగూన్‌లో నర్సుగా చేరానని ఆమె కబురు పంపింది.

కాగితాల మీద నా అనుమానం ఇప్పటికీ పోలేదు. మా వృత్తిలో పోకూడదు కూడా. కానీ మనిషిని అనుమానించే ముందు పక్కనున్న నలుగురి పేర్లయినా తెలుసుకోవాలని ఆ రోజు నేర్చుకున్నాను. ఆ సాయంత్రమే ప్రతి పడక దగ్గర నంబరు పక్కన పేరు రాయించాను.

మర్నాడు పొద్దున పన్నెండో పడక దగ్గరికి వెళ్ళి “హుసేనమ్మా” అని పిలిచాను. ఆమె లేవలేదు. నన్ను కాసేపు పరకాయించి చూసి, “ఊరికే పిలిచినారా, పొమ్మనేదానికా?” అని అడిగింది.