నేను కనిపెట్టిన శాంతిపురం నీలిశిల

మొన్న శనివారం నేను భూమి చరిత్రను తిరగరాసేదానికని పోయి, శాంతిపురం వంకలో నా పరువును నిలువునా పూడ్చిపెట్టి వచ్చాను! ఎవరికీ చెప్పకూడదనే అనుకున్నా. కానీ చెప్పకపోతే నాకు కడుపు ఉబ్బిపోతుంది. పైగా మా మునెప్ప మామ ఈపాటికి మదనపల్లె టమోటా మండీ అంతా టాంటాం వేసే ఉంటాడు. ఆయన చెప్పే కథలో నేను ఇంకా అన్యాయంగా ఉంటాను. అందుకే నా నోటితో నేనే చెప్పుకుంటున్నా.

నాకు రాళ్ల పిచ్చి. పనేమో జిరాక్స్ షాపులో. రాళ్ల గురించి నాకెవరూ పాఠం చెప్పలేదు. ఫోన్లో వీడియోలు చూసి, లైబ్రరీలో ఎవరూ ముట్టని పాత పుస్తకాల దుమ్ము దులిపి, నాకు నేనే నేర్చుకున్నా. ఆదివారం వస్తే సుత్తి బ్యాగులో వేసుకుని గుట్టలెక్కడమే! మా అమ్మ బాధ ఆమెది.

"ఊర్లో ఆడపిల్లోళ్లు బ్యాగులో అద్దం దువ్వెన పెట్టుకొంటారు. మా పాప సుత్తి పెట్టుకొంటాది. సూసేదానికి వచ్చినోళ్లకి ఏమని చెప్పేదప్పా?"

అట్లా గుట్టల మీద నిలబడి నేను తీసి పెట్టే చిన్న చిన్న వీడియోలు ఒక మేడం కంట్లో పడ్డాయి. ఆమె కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్తారు. మన వైపు కొండలన్నీ తిరిగి ఏ రాయి ఎక్కడుందో మ్యాపు గీస్తున్నారట. స్టూడెంట్లకు దారి చూపించేదానికి, శాంపిల్స్ ఏరేదానికి ఈ ఊర్లు తెలిసిన మనిషి ఒకరు కావాలట. జీతం కూడా ఇస్తారట! రాళ్లు ఏరేదానికి జీతం! ఫోన్లోనే రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నా.

"శనివారం వస్తాను గౌరీ. మదనపల్లె నుంచి కుప్పం దాకా నీకు తెలిసిందంతా చూపించు. చూశాక చెప్తాను" అన్నారు.

అంటే పరీక్షే కదా! పాసైతే బతుకంతా కొండల మీద. ఫెయిలైతే మళ్లీ ఆధార్ కార్డులు రెండు వైపులా జిరాక్స్.

తెలిసినవి చూపించి ఊరుకుంటే సరిపోయేది. కానీ నాకు తెలిసినవి కాకుండా, నేను *కనిపెట్టింది* కూడా ఒకటి ఉంది! అదే కొంప ముంచింది.

అంతకు ముందు వానల్లో, మునెప్ప మామ వ్యాన్‌లో ఒక పెళ్లికి పోయాం, శాంతిపురం పక్క పల్లెకు. మునెప్ప అంటే మా మేనమామ, బాడుగకు వ్యాన్ తోలతాడు. వచ్చేటప్పుడు వంక దగ్గర వ్యాన్ ఆపితే దిగాను. నీళ్లకు గట్టు విరిగిపడి ఉంది. ఆ మట్టిలో, తుమ్మ వేర్ల కింద ఏదో తళుక్కుమంది. పోయి చూస్తే రాయి! మామూలు రాయి కాదు. నల్లటి రాయి లోపల నెమలి మెడ నీలం! తల ఇటు వంచితే వెలుగుతుంది, అటు వంచితే ఆరిపోతుంది. మన వైపు అట్లాంటిది నేను పుట్టినాక చూడలేదు. అదీ పొరలు పొరలుగా! ఒకదాని మీద ఒకటి, అన్నిటికీ ఒకే వాలు, అన్నీ బొటనవేలంత మందం. ప్రకృతికి ఇంత క్రమశిక్షణా అని నాకు ఒళ్లు జలదరించింది.

మామ వెనకనుంచి తొంగి చూశాడు.

"ఏం పాపా, బ్రెడ్డు కోసినట్టుండాదే?"

"భూమి లోపలి ఒత్తిడి మామా! కోట్ల ఏళ్లు నొక్కితే అట్లే సమంగా వస్తాది!"

ఇది ఏ పుస్తకంలోనూ లేదు. ఆ నిమిషంలో నేనే రాసేశాను.

లాగి చూశా, కదల్లేదు. కదల్లేదంటే కింద తల్లిరాయి ఉన్నట్టే కదా! మూల ఒక ముక్క కొట్టుకుని బ్యాగులో వేసుకున్నా. ఇంటికొచ్చి ఉన్న పుస్తకాలన్నీ తిరగేశా. మన జిల్లా రాళ్లలో అట్లాంటి పేరే లేదు. లేకపోతే ఏం చేస్తాం? నేనే పెట్టాను. 'శాంతిపురం నీలిశిల'! జిరాక్స్‌కు వచ్చినవాళ్లందరికీ ఆ ముక్క చూపించా. మేడంకు మాత్రం చెప్పలేదు, ఫోటో కూడా పంపలేదు. సర్‌ప్రైజ్!

శనివారం రానే వచ్చింది. మామ వ్యాన్ కడిగి, బొట్లు పెట్టి, గడ్డపార లోపల వేశాడు. అమ్మ పులిహోర కట్టిచ్చింది. మేడం టోపీ పెట్టుకుని, మెడలో చిన్న భూతద్దం వేసుకుని దిగారు. ఆ భూతద్దం చూసి నాకు నోట్లో నీళ్లూరాయి, వేరేవాళ్లకు నగలు చూస్తే ఊరుతాయే, అట్లా.

మదనపల్లె దాటగానే మొదటి గుట్ట. "ఇదేంటి?" అన్నారు మేడం, ఏమీ తెలియనట్టు.

"నైస్ అనే రాయి మేడం. నల్లచార తెల్లచార, నల్లచార తెల్లచార. పాతరాయి లోపల వేడికి మెత్తబడి, నొక్కుకుపోయి, మడతలు పడింది. మన కాళ్ల కింద అంతటా పరుపు ఇదే. రెండువందల యాభై కోట్ల ఏళ్లకు పైమాటే!"

"దాని పక్కనున్నది?"

"గ్రానైట్. తర్వాత కరిగి పైకొచ్చింది. చూడండి, బూడిద రంగులో పెద్ద పెద్ద తెల్ల గింజలు, రాగిసంగట్లో అన్నం మెతుకులు కనపడినట్టు!"

మేడం ఒక్క నిమిషం నన్ను చూసి, "ఈ సంగటి నేను క్లాసులో వాడుకుంటాను" అన్నారు. నేను గాల్లో ఉన్నాను!

పుంగనూరు దగ్గర నల్ల గుండ్లు బొగ్గు పోసినట్టు వరసగా, చేల మధ్యలో తిన్నగా పోతుంటాయి కదా, అక్కడ ఆపించా.

"ఇది లావానా?" అన్నారు మేడం. వల వేశారని నాకు తెలిసిపోయింది.

"కాదు మేడం. పైకి రానేలేదు. గ్రానైట్ పగిలితే ఆ పగుల్లో దూరి లోపలే గడ్డకట్టింది. దీన్నే డైక్ అంటారు. చుట్టూ ఉన్నది అరిగిపోయింది, ఇది గోడలాగా మిగిలింది. దీనికి ఎగువన బావి తవ్వితే నీళ్లు ఆగి ఉంటాయి."

కుప్పం అవతల ముదురాకుపచ్చ రాయి, ఆకులు దొంతర పెట్టినట్టు ఉంటుంది. కోలార్ బంగారు గనుల పట్టీ తోక మన వైపుకు ఎట్లా వస్తుందో నేలమీద పుల్లతో గీసి చూపించా. మేడం భూతద్దం తీసి నా చేతికే ఇచ్చారు. "చూడు, లోపల సూదుల్లాగా ఉన్నాయా?" ఉన్నాయి! ఎంత బాగున్నాయో!

"బాగుంది గౌరీ. ఇక వెనక్కి పోదామా?" అన్నారు.

సరే మేడం అని ఉంటే అయిపోయేది. ఆ రెండు మాటలు నా నోట్లో నుంచి రాలేదు.

"ఇంకొక్కటి ఉంది మేడం! ఎవరూ చూడనిది. మ్యాపులో లేనిది!"

మేడం కనుబొమలు పైకి లేచాయి. "మ్యాపులో లేనిదా?"

"లేదు మేడం! కొత్తది!"

వ్యాన్ శాంతిపురం వైపు తిరిగింది. దారిపొడవునా నేను ఆపకుండా మాట్లాడాను. పొరల మందం, వాలు, ఫోన్లో దిక్సూచి పెట్టి కొలిచిన దిశ, అన్నీ. పేరు కూడా పెట్టానని చెప్పేశా. మేడం గంభీరంగా వింటూ, "నీలం మెరుపా... పొరలన్నీ ఒకే మందమా..." అని రెండుసార్లు అడిగారు. ఆమె కూడా ఉత్కంఠతో ఉన్నారని అనుకున్నా. ఉత్కంఠ కాదు, అనుమానమని నాకెట్లా తెలుస్తుంది?

వంకలోకి దిగాం. ఎండ సరిగ్గా పడుతోంది, రాయి తళతళమంటోంది. నేను చేయి చాపి, "ఇదే మేడం!" అన్నా.

మేడం ఒంగి, అంచు మీద వేలు పెట్టి, మళ్లీ తీసి, "పై పొర ఒకటి లేపి చూద్దామా?" అన్నారు, చాలా మెత్తగా.

"మామా, గడ్డపార!"

మామ గడ్డపార దూర్చి ఊపిరి బిగబట్టాడు. నేనూ భుజం వేశా. మట్టి కదిలింది, వేరు తెగింది, రాయి చప్పుడుతో లేచి వెల్లకిలా పడింది.

అడుగు భాగం నున్నగా ఉంది. మామూలు నునుపు కాదు. మట్టి చేత్తో తుడిచాను. తుడిచిన చోట నా ముఖం కనపడింది! అద్దంలో కనపడినట్టు, నోరు తెరుచుకుని ఉన్నది ఉన్నట్టు.

"పాలిష్" అన్నారు మేడం.

"ప్రకృతిలో కూడా... ఏటి నీళ్లకు... ఒక్కోసారి..." అని నేనింకా ఏదో అంటూనే ఉన్నా. మామ రెండో పొర లేపాడు.

దాని నడుమ కోడిగుడ్డు ఆకారంలో పెద్ద కంత. చుట్టూ అంచులు నునుపుగా గుండ్రంగా తీసి ఉన్నాయి. కంత పక్కన చిన్న చిల్లు, కొళాయికి.

వంటింటి సింకు బండ.

మామ నిదానంగా ఆ కంతలో చేయి దూర్చి, భుజం దాకా పోనిచ్చి, అవతలి వైపు వేళ్లు ఆడించాడు.

"పాపా, కోట్ల ఏళ్ల కింద ఈడ గిన్నెలు ఎవురు తోమిరి?"

మేడం టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తున్నారేమో అని భయపడ్డా. కాదు, పగలబడి నవ్వుతున్నారు! నవ్వీ నవ్వీ ఆ నీలిశిల మీదే కూలబడ్డారు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని చెప్పారు. అది నార్వే రాయట. అక్కడి కొండల్లో పుడుతుందట. దిమ్మెలుగా ఓడలో తెచ్చి మన వైపు ఫ్యాక్టరీల్లో కోసి పాలిష్ పడతారట. విరిగిపోయినవి ఎవరో వంకలో పారబోశారు, వంక పొంగి మట్టి కప్పింది. నాకు పాస్‌పోర్ట్ కూడా లేదు. నా నీలిశిల మాత్రం సముద్రాలు దాటొచ్చింది!

అంతలో మేకలు తోలుకుని ఒక పెద్దమ్మ గట్టు మీదికి వచ్చింది. గడ్డపార, టోపీ, లేపిన బండలు చూసి ముఖం ఇంత చేసుకుంది.

"పంచాయితీ నుంచి వస్తిరా తల్లీ? ఎన్నిసార్లు మొత్తుకొన్యామో! మేకల కాళ్లు తెగతాండాయి. ఎత్తుకపోండి అమ్మా, పున్నెముంటాది. ఆ మలుపులో ఎర్రటివి ఇంకో లోడు ఉండాది, సూపిస్తా రాండి!"

"అమ్మా, నీకు దండం పెడతా" అన్నాడు మామ, "ఆ మాట మా పాప ముందర అనొద్దు. దానికీ పేరు పెడతాది."

సరిగ్గా అప్పుడే అమ్మ ఫోన్.

"ఏమే, మేడం సూసిరా? నీ రాయి కొత్తదే అనిరా?"

"సింకు బండమ్మా అది."

తిడుతుందని చెవి దూరం పెట్టుకున్నా.

"ఎంత పొడుగుండాది? మన వంటింట్లోకి సరిపోతాదేమో కొలిచి సూడు."

తిరుగుదారిలో నేను కిటికీకి అతుక్కుపోయి కూర్చున్నా. అవే గుట్టలు ఎదురొస్తున్నాయి. పొద్దున నాకు చుట్టాల్లాగా ఉన్నవి, ఇప్పుడు నన్ను చూసి నవ్వుతున్నట్టే ఉంది. పని పోయిందని నాకు అర్థమైపోయింది. సోమవారం షాపుకు పోవాలి. ఆ ముక్క చూపించిన ప్రతి ఒక్కరూ వచ్చి అడుగుతారు. జిరాక్స్‌కు పని లేకపోయినా వస్తారు.

పుంగనూరులో టీకి ఆపారు. మేడం గ్లాసు పట్టుకుని నా పక్కన నిలబడ్డారు.

"సారీ మేడం. మీ రోజు పాడుచేశాను."

"పొద్దున నువ్వు చెప్పింది అంతా కరెక్ట్. ఎవరి దగ్గర నేర్చుకున్నావో కానీ..."

"ఎవరి దగ్గరా లేదు."

"అదే తెలుస్తోంది. ఎవరైనా ఉండి ఉంటే మొదటి రోజే చెప్పేవాళ్లు. రాయి కనపడగానే అడగాల్సింది దాని వయసు కాదు. అక్కడే పుట్టిందా, ఎవరైనా తెచ్చి పడేశారా అని." ఒక గుక్క తాగి మళ్లీ అన్నారు. "ప్రతి ఏడాదీ ఈ మాట చెప్తాను గౌరీ. పిల్లలు తలలూపుతారు. ఫీల్డుకు పోయి, రోడ్డు పనికి తోలిన కంకర ఏరుకుని తెస్తారు! నా మాట వాళ్ల తలకెక్కడం లేదు. సోమవారం కాలేజీకి రా. ఇవాళ జరిగింది వాళ్లకు నువ్వే చెప్పు. తర్వాత అందరం కొండలెక్కుదాం."

నేను గ్లాసు బల్ల మీద పెట్టేశా. "అంటే... పని ఇచ్చినట్టేనా మేడం?"

"ఇచ్చినట్టే. వచ్చేటప్పుడు ఆ సింకు బండ తీసుకురా."

నేను అరిచిన అరుపుకు టీకొట్టు ఆయన చేతిలో గరిటె జారింది! మేడంను దింపినాక మామ నిజంగానే వ్యాన్ వెనక్కి తిప్పి, శాంతిపురం పోయి, ఆ బండ ఎత్తుకుని వచ్చాడు. ఇప్పుడది మా వాకిట్లో గోడకు ఆనించి ఉంది, నీలంగా మెరుస్తా.

అమ్మ నిన్నటి నుంచి వీధిలో కనపడిన వాళ్లందరినీ నిలబెట్టి చెప్తాంది: "మా పాప కాలేజీలో పాఠం చెప్పేదానికి పోతాండాది!"

నేను సరిదిద్దలేదు. ఆ పాఠం నేనేనని ఆమెకు ఎట్లా చెప్పేది?