నాలుగు గంటల ప్రయాణం

దుబాయ్ నుంచి శంషాబాద్‌కు రెండున్నర వేల కిలోమీటర్లు, నాలుగు గంటల లోపే. ఫోన్‌లో ఎవరు కొట్టి చూసినా ఇదే చెప్తుంది. ఈ లెక్క కట్టినవాణ్ణి ఒకసారి మా కోరుట్ల దాకా వెంటబెట్టుకు రావాలని ఉంది నాకు.

మా అక్క బిడ్డ పెండ్లి సోమవారం పగటిపూట. పెండ్లిపిల్లను మేనమామే ఎత్తుకుని మండపంలోకి తేవాలి. ఆ పిల్లకు మేనమామను నేనొక్కణ్ణే. కంపెనీ నన్ను వదిలింది ఆదివారం సాయంత్రం.

"అందుతవారా తమ్మీ?" అని అక్క ఫోన్‌లో ఏడ్చినంత పని చేసింది.

"నాలుగు గంటలే అక్కా. సిరిసిల్లకు పోయచ్చినట్టు," అన్నాను.

చిన్నప్పుడు నా భుజం దిగని పిల్ల అది. అందకుండా ఎట్లా ఉంటాను?

అర్ధరాత్రి దాటాక దొరికిన విమానం చెప్పిన టైముకే దిగింది. దాన్నేమీ అనను. కానీ గడియారం గంటన్నర ముందుకు జరిగింది. ఆ గంటన్నర నా లెక్కలో లేదు. పాస్‌పోర్టు మీద ముద్ర కోసం నిలబడ్డదీ, పెట్టె కోసం బెల్టు దగ్గర పడిగాపులు పడ్డదీ అందులో లేవు. బయటికొచ్చేసరికి ఎండ ఎక్కింది.

బయట మా చిన్నాయన, ఆయన వెంట బండి నిండా చుట్టాలు. గల్ఫ్ నుంచి ఒక్కడు దిగితే బండెడు మంది ఎదురు రావడం మాకు అలవాటు. ఒకరికి నాతో ఫోటో కావాలి, ఇంకొకరు విమానం ఎగిరేది చూడాలి. సిద్దిపేటలో టిఫిన్ అన్నారు, ఆ తర్వాత చాయ్ అన్నారు. కోపంతో పండ్లు నూరుకున్నాను. సిరిసిల్ల దాటాక కాస్త ప్రాణం కుదుటపడింది. అంతలో వేములవాడలో బండి రాజన్న గుడివైపు తిరిగింది.

"ఇటెందుకు చిన్నాయినా?"

"కోడె కట్టాలెరా. ఇంట్ల మొక్కున్నది. నువ్వు దిగినంక ఇంటికి పోకముందే కట్టాలె."

"రేపచ్చి కడత. ఆడ పెండ్లి అయిపోతది!"

"రాజన్నను దాటిపోతే మంచిగుంటదా? గిట్ల పోయి గట్ల అచ్చుడే."

సోమవారం శివుడి వారం, రాజన్న గుడి ఎట్లా ఉంటుందో తెలిసిందే. వరుస కదలదు. నా చేతికొచ్చిన కోడె అంతకన్నా కదలదు. దాన్ని గుడి చుట్టూ తిప్పి కట్టేయాలి. అది నాలుగడుగులు వేసి ఆగుతుంది. పగ్గం లాగుతూ దేవుడి ముందే బూతులు తిట్టుకున్నాను. చెంపలు కూడా వేసుకోలేదు.

చందుర్తి దగ్గర అక్కకు ఫోన్ చేస్తే డప్పుల మోతే వినపడింది.

కోరుట్ల ఫంక్షన్ హాల్లో అడుగు పెట్టేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి. ఊరి వరసకు మామ అయ్యే ఒకాయన పిల్లను ఎత్తుకొచ్చాడట. నాకు ఒళ్లు మండిపోయింది. మండపం పక్కనే చిన్నాయనను నిలదీశాను.

"ఎవలదే గా మొక్కు? ఎవలు మొక్కుమన్నరు?"

పెండ్లిపిల్ల తలెత్తింది. జుట్టు నిండా తలంబ్రాల బియ్యం, కండ్ల నిండా నీళ్లు.

"నేనే మామా," అంది. "నువ్వు పెండ్లి యాళ్లకు అందాలని మొక్కిన."