పెడన మావయ్య చెక్కిన స్టీరింగు మూత

బందరులో కారు డ్రైవరంటే తాలూకాఫీసు గుమాస్తా కంటే ఒక మెట్టు పైనే అని నేను గట్టిగా నమ్మిన రోజులవి. (గుమాస్తాలు ఒప్పుకునేవారు కాదు, అది వేరే సంగతి.) పాతికేళ్ళు నిండకుండానే మా ఊరి ఆసుపత్రి డాక్టరమ్మగారి కారు నా చేతికొచ్చింది. యుద్ధానికి ముందెప్పుడో సీమ నుంచి ఓడలో వచ్చిన కారది; ఆవిడకు ముందు ఆసుపత్రిలో పనిచేసిన దొరగారు వెళ్ళిపోతూ ఇచ్చిపోయారు. ప్రతి శనివారం ఆవిడ దివిసీమ పల్లెల్లో పురుళ్ళూ జ్వరాలూ చూడ్డానికి వెళ్ళేవారు. నేను ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించుకుని, ఆ వైద్యమంతా నా చేతిమీదుగానే జరుగుతున్నట్టు కూర్చునేవాణ్ణి.

ఒక శనివారం తిరిగొస్తుంటే కారు గతుకులో పడి, కారు అడుగున స్టీరింగు బాక్సుకుండే పోత ఇనప మూత మూడు ముక్కలైంది. రెండు దొరికాయి, మూడోది కాలవ పాలైంది. ఆ మూత లేకపోతే నేను చక్రం ఎటు తిప్పినా కారు తనకు తోచినట్టు పోతుంది. బెజవాడ షాపులన్నీ తిరిగాను. మద్రాసుకు ఉత్తరం రాస్తే, "ఆ కారు ఇంకా నడుస్తోందా?" అని ఎదురు ప్రశ్న వచ్చింది. రెండు వారాలు బస్సులో వెళ్ళొచ్చిన డాక్టరమ్మగారు నడుం పట్టుకుని, "చూడు బాబూ, పాత ఇనుం కొనే ఆయన నెలాఖరుకి వస్తానన్నాడు. కారు ఇచ్చేద్దాం. నిన్ను బస్సు డ్రైవరుగా పెట్టించమని చెబుతాలే" అన్నారు. ఆ కారుని నా చేతుల్తో పాత ఇనుంలోకి తోయాలా! "అమ్మగారూ, మూత నేను చేయించుకొస్తానండీ" అనేశాను. ఎలాగో నాకే తెలీదు.

గుడివాడలో రైసుమిల్లు సామాన్లు పోతపోసే మేస్త్రీ, "కొయ్య నమూనా తెచ్చావంటే ఇసకలో అద్ది పోసిస్తానయ్యా. నా దగ్గర చెక్కేవాడు లేడు" అన్నాడు. చెక్కడమా! మా మేనమామ పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే మనిషి. గోరంత ఆకులో పది ఈనెలు చూపిస్తాడు. ముక్కలు పట్టుకుని పరిగెత్తాను. మావయ్య వాటిని అటూ ఇటూ తిప్పి, "ఒక పువ్వు లేదు, తీగ లేదు. ఇదీ ఒక పనేంట్రా?" అని ఈసడించి, టేకు చెక్క తీశాడు. పోయిన ముక్కని కూడా ఊహించి, మూడు రోజుల్లో ముచ్చటైన నమూనా ఇచ్చాడు.

నెలాఖరు ఇంకో వారం ఉందనగా పోత వచ్చింది. షెడ్డులో నలుగుర్నీ పిలిచి మరీ మూత పెట్టి చూశాను. ఒక్క బోల్టు కలిస్తే ఒట్టు! మూతకి కుడివైపు పొడుచుకురావాల్సిన ముక్కు ఎడమవైపుంది. "తిరగేసి పెట్టు" అన్నాడొక పెద్దమనిషి. తిరగేస్తే ముక్కు బాక్సు లోపలికి దూరుతోంది. అప్పుడు వెలిగింది నాకు. (మీకు ముందే వెలిగుంటే మీరు పెడన వాళ్ళే.) గుడ్డ మీద బొమ్మ సరిగా పడాలంటే అచ్చుని ఎడమా కుడీ మార్చి చెక్కాలి. ముప్పై ఏళ్ళుగా మావయ్య చెయ్యి ఏది చూసినా మార్చే చెక్కుతుంది.

"అచ్చన్నాక మార్చి చెక్కకపోతే నవ్విపోరూ?" అని, పెడన పరిగెత్తి అడిగితే మావయ్య నా మీదే లేచాడు.

"ఇసకలో ఒకసారి తిరగబడుద్ది, ఇనుంలో మళ్ళీ తిరగబడుద్ది మావయ్యా!"

ఆయన ముక్కల్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "అంటే ఉన్నదున్నట్టు చెక్కాలా? నా చెయ్యి అట్టా తిరగదురా" అన్నాడు దిగులుగా. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇంతలో ఆయన లేచి, అత్తయ్య బొట్టు పెట్టుకునే అద్దం గోడ మీంచి దింపి, ముక్కల్ని దాని ముందు పెట్టాడు. అద్దంలో కనిపించినదాన్ని తన అలవాటు ప్రకారం మార్చి చెక్కాడు! నెలాఖరు లోపే గుడివాడలో మళ్ళీ పోత పోయిస్తే వచ్చింది, అచ్చం అసలు మూతే.

శనివారం కారు స్టార్టు చేస్తే, డాక్టరమ్మగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. అది చాల్లేదేమో, "చేసినాయన్ని కూడా ఎక్కించు" అన్నారు. దారి కాకపోయినా ముందు పెడన వెళ్ళి, మావయ్యని నా పక్కన కూచోబెట్టుకున్నాను. పులిగడ్డ అక్విడక్టు మీద ఇరుకు దారి, కింద కృష్ణ, నా చొక్కా తడిసి ముద్ద. చక్రం మాత్రం చెప్పినట్టు వింది.

"ఒరే, నా మూత ఎక్కడుంది?" అన్నాడు మావయ్య.

"అడుగున. కనపడదు."

"ఎవరికీ కనపడదా? అంత పని చేయించి దాచిపెడతారేంట్రా!"

వెనక నుంచి డాక్టరమ్మగారు, "కనపడకపోతే ఏమండీ! మనల్ని అవతలి ఒడ్డుకి చేరుస్తోందిగా" అన్నారు. మావయ్య కండువా సర్దుకుని నిటారుగా కూచున్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కనపడదన్న ఆ లోటు తరవాత నేనే తీర్చాను. ఆ కారు నడిచినన్నాళ్ళూ, ఎక్కిన ప్రతివాడికీ వెనక్కి తిరిగి మరీ మావయ్య మూత సంగతి చెప్పేవాణ్ణి. "ముందు రోడ్డు చూడు బాబూ!" అని డాక్టరమ్మగారు కేకలేసేవారు. ఇప్పుడు ఆవిడా లేరు, మావయ్యా లేడు, కారూ లేదు. రోడ్డు చూడమనేవాళ్ళు లేరు గనక, ఇలా తీరిగ్గా వెనక్కి తిరిగి మీకు చెబుతున్నాను.