హావిస్ తిరగలి

హావిస్ మంచిదని మా ఊళ్ళో ఎవరూ అనలేదు. నోరు పెద్దది, అడుగు పెద్దది, కోపం అన్నిటికంటే పెద్దది. నేను ఆవిడ పక్కింటిదాన్ని, అమిస్‌ని. బార్లీతో బీరు కాచి అమ్ముకునేదాన్ని. కంచె దగ్గర మేమిద్దరం పోట్లాడుకోని వారం లేదు. అయినా ఇంకెవరైనా ఆవిణ్ణి ఒక మాటంటే నాకు ఒళ్ళు మండేది. తిడితే నేను తిట్టాలి, వాళ్ళెవరు?

మా ఊరు థార్న్‌లీలో పుట్టినవాళ్ళం దొరగారి మనుషులం. పొలాలూ ఎడ్లూ ఎలాగో మేమూ అలాగే. వాగు దాటాలంటే సెలవడగాలి, పిల్లకి పెళ్ళి చేయాలంటే సెలవడగాలి. గింజలు దొరగారి నీటి మరలోనే ఆడించాలి, మరవాడు తీసుకున్నంత తీసుకోనివ్వాలి. ఎవరింట్లోనైనా తిరగలి కనిపిస్తే దివాణం వాళ్ళు సమ్మెట పట్టుకొస్తారు. హావిస్ అత్త గనిల్డ గడుసుది. తన తిరగలిని కోళ్ళగూడు కింద పాతిపెట్టి, పైన కోళ్ళని పెంచింది. ఆ పెంటలో చెయ్యి పెట్టి వెతికే మొనగాడు దివాణంలో లేడు.

ముందు యుద్ధం వచ్చింది. హావిస్ మొగుడు వాట్ బాణం గురి తప్పదని దొరగారు అతన్ని ఫ్రాన్సుకి తోలుకుపోయారు. కలే కోట బయట బురదలో, బాణం దెబ్బతో కాదు, విరేచనాలతో పోయాడని కబురొచ్చింది. ఆ తర్వాత మహమ్మారి వచ్చింది. చంకలో గడ్డ లేచిందంటే ఇక అంతే. మా పాదిరి పోయాడు. హావిస్ పిల్లలిద్దరూ పోయారు. మా ఇంట్లో ఎవరెవరు పోయారో చెప్పను. మొదలుపెడితే ఇది నా కథ అవుతుంది.

మరవాడూ పోయాడు. మర చక్రం మాత్రం నీళ్ళలో ఊరికే తిరుగుతూనే ఉంది. పిండి లేదు. జనం గింజలు ఉడకబెట్టుకుని తిన్నారు, పళ్ళు లేని ముసలాళ్ళు పస్తులున్నారు. దివాను ఫుల్క్ ఊరందరినీ పిలిచి చెప్పాడు.

"కొత్త మరవాడొస్తాడు. అందాకా ఓపిక పట్టండి. తిరగళ్ళు మాత్రం బయటికి తియ్యొద్దు, చెప్తున్నా."

హావిస్ ఇంటికొచ్చి కోళ్ళని తరిమేసి, గూడు పీకేసి, తిరగలి తవ్వి తీసింది. దాన్ని లోపల పెట్టుకోలేదు. వాకిట్లో, బాటకెదురుగా, పట్టపగలు వేసుకు కూర్చుని విసరడం మొదలెట్టింది.

"లోపల పెట్టుకోవే, చస్తావు!" అన్నాను కంచె మీంచి.

"చచ్చేవాళ్ళందరూ చచ్చారు కదే అమిస్. ఇంక నన్ను దేంతో బెదిరిస్తారు?"

ఇంట్లోకెళ్ళి నా గింజల మూట తెచ్చుకున్నాను. నా వెనకే ఊరు వచ్చింది. ఆవిడ ఎవరి దగ్గరా పిడికెడు కూడా ఉంచుకోలేదు. "మరవాడు పిండిలో వాటా తీసుకునేవాడుగా, నువ్వు తీసుకోవేం?" అని నేనడిగితే, "నేను మరవాణ్ణా, దొంగతనం చెయ్యడానికి?" అంది. పోయినవాణ్ణి అలా అనకూడదు గానీ, అన్నది నిజమే.

కోతలొచ్చాయి. దొరగారి పొలంలో కోత మాకు వెట్టి. కానీ దానికో ఆనవాయితీ ఉంది. మధ్యాహ్నం దివాణం మాకు రొట్టె, జున్ను, బీరు పెట్టాలి. రొట్టె రాకపోతే కొడవళ్ళు దించి ఇంటికి పోవచ్చు, ఎవరూ తప్పు పట్టకూడదు. దొరగారి తాతగారు ఒప్పుకున్న మాట అది.

కోత రేపనగా ఫుల్క్ ఇద్దరు మనుషుల్నీ ఒక సమ్మెటనీ వెంటబెట్టుకుని హావిస్ వాకిట్లోకి వచ్చాడు.

"లే. పక్కకి తప్పుకో."

"నా ముసల్ది దీని పిండితోనే బతుకుతోంది అయ్యా. పళ్ళు లేనిది."

"అది నాకెందుకు? ఊరందరికీ ఒకటే నీతి."

"అయితే కొట్టండి. కానీ ఒకటికి రెండుసార్లు ఆలోచించుకుని కొట్టండి."

ఫుల్క్ ఆలోచించలేదు. తిరగలి కనిపిస్తే పగలగొట్టడం వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్న పని, చెయ్యి దానంతటదే లేచింది. పై రాయి మూడు ముక్కలైంది. గనిల్డ గుమ్మంలో కూలబడి, తన పెళ్ళినాటి రాయని ఏడ్చింది. హావిస్ ఏడవలేదు. ఒడిలో పిండి దులుపుకుని లేచింది.

"నిన్న మీరు తిన్న రొట్టె బాగుందా దివానుగారూ?"

"ఏం మాటలవి?"

"మీ వంటామె రోజూ గింజలు మోసుకొచ్చి నా దగ్గరే విసిరించుకుంటోంది. రేపటి కోత రొట్టెలకి గింజలు అవిగో, ఆ గోనెలో ఉన్నాయి. పట్టుకెళ్ళి నమలండి."

మేమంతా పగలబడి నవ్వాం. అన్ని చావుల తర్వాత మా ఊళ్ళో వినపడ్డ మొదటి నవ్వు అదే. ఫుల్క్ మొహం మాడిపోయింది.

మర్నాడు పొద్దున్నే కోతకి దిగాం. మధ్యాహ్నమైంది. జున్నొచ్చింది, బీరొచ్చింది, రొట్టె రాలేదు. హావిస్ నడుం ఎత్తి నిలబడి, కొడవలి గుడ్డలో చుట్టుకుంది. మేమూ అంతే. ఆవిడ ఇంటికెళ్ళి అత్తని తోపుడుబండి మీద కూర్చోబెట్టి, కోళ్ళని ముసలమ్మ ఒడిలో పెట్టి, నేరుగా వాగు వైపు నడిచింది. ఎవరినీ రమ్మనలేదు. నేను పొయ్యి ఆర్పేసి వెనకే నడిచాను. ఇంకా చాలామంది నడిచారు.

ఫుల్క్ తన మనుషులిద్దర్నీ వెంటబెట్టుకుని గుర్రం మీద వచ్చి, దాన్ని వంతెనకి అడ్డంగా నిలబెట్టాడు. వెనక గోధుమ చేను పసుపుపచ్చగా పండి, గింజ రాలడానికి సిద్ధంగా ఉంది.

"ఎక్కడికి? మీరు ఈ నేలకి కట్టుబడినవాళ్ళు. సెలవు లేకుండా వాగు దాటకూడదు."

"నా మొగుడూ ఈ నేలకి కట్టుబడినవాడే" అంది హావిస్. "వాణ్ణి సముద్రం దాటించారు. ఆ కట్టు అప్పుడెవరు విప్పారు?"

"అది రాజుగారి యుద్ధం!"

"అయితే ఇది నాది. జరగండి."

ఫుల్క్ తన మనుషులిద్దరి వైపూ చూశాడు. వాళ్ళు నేల చూపులు చూశారు. వాళ్ళూ పొద్దుట్నుంచి రొట్టె తినలేదు. ఆయన గొంతు తగ్గింది. "హావిస్, చేను రాలిపోతుందే. దొరగారికి నేనేం చెప్పుకోను?" అన్నాడు, దాదాపు ఏడుస్తూ. నాకు జాలేసింది, అబద్ధమెందుకు. ఆవిడకి వెయ్యలేదు. గుర్రం కళ్ళెం పట్టుకుని పక్కకి జరిపి, బండి తోసుకుంటూ వంతెన దాటేసింది.

అవతలి ఊళ్ళోనూ చావులే, పండిన చేను అలాగే నిలబడి ఉంది. కోసే దిక్కు లేక, ఆ పొలం యజమాని గట్టు మీద నిలబడి బాట వైపే చూస్తున్నాడు. మమ్మల్ని చూసి ఎదురొచ్చాడు. పరాయి మనిషి కనబడితే మా దేశంలో పేరు కంటే ముందడిగే మాటే ఆయనా అడిగాడు.

"మీరు ఎవరి మనుషులు?"

పుట్టినప్పట్నుంచీ ఆ ప్రశ్నకి మాకు ఒకటే జవాబు. నా నోట్లోకి దొరగారి పేరు వచ్చేసింది కూడా. హావిస్ నా కాలు తొక్కింది.

"ఎవరి మనుషులమూ కాదు. కోతకొచ్చాం. కూలి ఎంతిస్తావు?"

ఆయన నోరు తెరిచి ఆవిడ వంక చూశాడు. తర్వాత చేను వంక చూసుకుని, కూలి చెప్పాడు. ఆ ప్రశ్న మమ్మల్ని మళ్ళీ అడగలేదు.