ఎదుటివాళ్ల బాధ నేను చెప్పిన ఆదివారం

ఆ రోజుల్లో చట్టమంటే నా దృష్టిలో వాన లాంటిది. పైనుంచి పడుతుంది, కింద మనం గొడుగు పట్టుకుంటాం. ఆ గొడుగు పట్టడమే వకీలు పని అనుకునేవాణ్ణి. మబ్బు ఎక్కడ కమ్ముతుందో, దాన్ని కాస్త పక్కకు జరగమని మర్యాదగా అడగవచ్చో లేదో లా కాలేజీలో నాకెవరూ చెప్పలేదు. (చెప్పే ఉంటారు. నేను వెనక బెంచీలో కునుకు తీస్తూ ఉండి ఉంటాను.) అలాంటి నన్ను మా వైపు విశ్వవిద్యాలయంవాళ్లు లీగల్ సెల్‌లో జూనియర్‌గా తీసుకున్నారు. సెల్ అంటే నిజంగా సెల్లే: ఒక కిటికీ, ఒక ఫ్యాను, ఇద్దరు ఖైదీలు. రెండో ఖైదీ మా సీనియర్. ఆయన హోదా స్టాండింగ్ కౌన్సెల్, కాని మోకాళ్ల నొప్పుల వల్ల ఎప్పుడూ కూర్చునే ఉండేవారు.

రాష్ట్రం రెండై, పాత చట్టాలన్నీ కొత్త కొలతలకు కుట్టించుకుంటున్న కాలమది. విశ్వవిద్యాలయాల చట్టానికి ఒక సవరణ బిల్లు తయారవుతూ, దాని ముసాయిదా అభిప్రాయం కోసం మా దగ్గరికి వచ్చింది. అందులో ఒక క్లాజు ఉంది. సొంత భవనం లేని యూనివర్సిటీ కాలేజీలను, సొంత భవనం ఉన్న దగ్గరి యూనివర్సిటీ కాలేజీలో కలిపేయాలని. చదవడానికి ముచ్చటగానే ఉంది. కాని మా కాలేజీల్లో సొంత గూడు లేనిది ఒకటే, జమ్మలమడుగు మహిళా కళాశాల. పాత పత్తి గోడౌనులో అద్దెకు నడిచేది. దాన్ని కలపడానికి మాకున్న కాలేజీ పులివెందులలో కొత్తగా కట్టినది. ఆ గోడౌనులో రెండో సంవత్సరం చదువుతున్న ఆడపిల్లల్లో మా చెల్లెలు ఒకతె.

ఈ సంగతి ఇంట్లో చెప్పిన రోజు మా అమ్మ చేటలో కందిపప్పు చెరుగుతూ ఉంది. చెరగడం ఆపకుండానే తీర్పు చెప్పేసింది. "జమ్మలమడుగైతే పొద్దున పోయి, పొద్దుగూకే లోపల ఇంట్లో ఉంటాది. ముద్దనూరులో బస్సు మారి పులివెందులకు పోతే ఎప్పుడు చదువుతాది, ఎప్పుడు ఇల్లు చేరుతాది? చదివినకాడికి చాల్లే నాయనా." చెల్లెలు నా వైపు చూసి, "కేసు వెయ్యన్నా" అంది. బిల్లు మీద కేసు వేయలేమనీ, అది చట్టమైన తర్వాత చూడవచ్చుననీ నేను వివరించాను. "చట్టమయ్యే తలికి నేను మిద్దె మీద వడియాలు పెడ్తాంటాలే" అని లేచిపోయింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు. (మరుసటి పూట సహించింది. నిజం చెప్పాలి కదా.)

ఆ క్లాజు మార్చమని చట్టసభ సభ్యుడొకరికి చెప్పుకోవాలని యూనివర్సిటీ నిర్ణయించింది. మా సీనియర్‌కు ఇదంతా కొత్త కాదు. "కోర్టులో జడ్జికి మన మాట వినడమే పని. చట్టసభలో ఉండే మనిషికి వినకుండా పోవడానికి నూరు పనులుంటాయప్పా," అన్నారు. "సెక్షన్లు చదవద్దు. యా ఊర్లో ఎవరికి ఏమవుతాదో చెప్పు. ఒక్క పేజీ చాలు. బిల్లులో మంచి ఉంటే మంచి అని చెప్పు, తెలియంది తెలియదని చెప్పు. ఓటడగొద్దు. మనం యూనివర్సిటీ, పార్టీ కాదు." బుద్ధిగా తలూపి, వెళ్లి బొంతంత మందాన నోటు తయారు చేశాను. ఈ వ్యవహారంలో నా చెల్లెలి చదువు కూడా ఉందని రిజిస్ట్రారు గారికి ముందే విన్నవించుకుంటే, "అందుకే నిన్ను పంపిస్తాండా, నిద్రపోకుండా పని చేస్తావు" అని అనుమతి కాగితం మీద సంతకం చేశారు.

పంపింది ప్రొద్దుటూరుకు, పెద్దాయన దగ్గరికి. ఆయన శాసనమండలి సభ్యుడు. బిల్లు మొదట మండలికే వస్తుందని అప్పటికే కబురు తెలిసింది. వరస కలిపితే నాకు మామ అవుతాడు. (మా వైపు వరస కలపకుండా మంచినీళ్లు కూడా అడగరు.) ఆదివారం పొద్దున ఆయన వసారాలో పంచాయితీలు జరుగుతాయి. మండుటెండలో నల్లకోటు వేసుకుని, బొంతను చంకన పెట్టుకుని నేను వెళ్లేసరికి రాజుపాలెం అన్నదమ్ములిద్దరు గట్టు తగాదాతో కూర్చుని ఉన్నారు. పెద్దాయన పద్ధతి విచిత్రమైంది. ఎవరి బాధ వాళ్లను చెప్పనివ్వడు. ఎదుటివాడి బాధ వీడు చెప్పాలి, వీడి బాధ వాడు చెప్పాలి. అన్న నోరు తెరిచి, "వాని గొర్రెలు పొయ్యేదానికి దోవ లేదు మామా, నిజమే" అన్నాడు. తమ్ముడు తల దించుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. నా వంతు వచ్చేసరికి పోయింది.

"నీ ఎదుటి పార్టీ యాడప్పా?" అన్నాడు పెద్దాయన, నా బొంత వైపు చూడకుండానే.

"ఇది బిల్లు మామా. ఎదుటి పార్టీ అంటే ప్రభుత్వం."

"ప్రభుత్వానికి బాధుండదు, ఫైలుంటాది. ఈ క్లాజు వస్తే ఎవరికి బాగుంటాదో ఆ మనిషిని పిల్చుకోని రా. ఒక చెవితో విని నేను మండలిలో లేచి నిలబడను."

ఆ మనిషి ఎవరో నాకు తెలుసు. పులివెందుల కాలేజీ ప్రిన్సిపాలు. అరటి తోట ఉన్నందువల్ల, ఎవరింటికి పోయినా గెల చేతబట్టుకుని పోతారు కాబట్టి మేమంతా అరటి సారు అనేవాళ్లం. తన కాలేజీలో పిల్లలు లేరని, ఈ విలీనం కావాలని యూనివర్సిటీకి రాసినవారు ఆయనే. మరుసటి ఆదివారం రమ్మని బతిమాలితే గెలతో సహా వచ్చారు.

వసారాలో ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. "మొదట నువ్వు. ఆయప్ప బాధ చెప్పు" అన్నాడు పెద్దాయన నన్ను చూసి.

ఇక్కడే నా చదువు నన్ను ముంచింది. వకీలుకు ఎవరి తరఫున వాదించమంటే వాళ్ల తరఫున గొంతు లేస్తుంది. కొత్త భవనంలో ఖాళీగా పడి ఉన్న గదులు చెప్పాను. సీసాల మీద మూత తీయని ల్యాబు చెప్పాను. పిల్లలు చేరకపోతే వేరే ఊళ్లకు పోవలసి వచ్చే లెక్చరర్లను, వాళ్ల సంసారాలను చెప్పాను. అద్దె గోడౌనులో పైకప్పు కారుతుంటే పుస్తకాలు నెత్తిన పెట్టుకునే ఆడపిల్లలకు ఆ భవనం ఎంత గౌరవమో కూడా చెప్పేశాను. (ఇది ఎవరూ అడగలేదు.) అరటి సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. గట్టు పంచాయితీ పెట్టుకున్న తమ్ముడు ఆ వారం కూడా ఏదో పని మీద వచ్చి ఉన్నాడు. "ఈయప్ప శానా బాగ చెప్పినాడు, కలిపెయ్యండి మామా" అని తన వంతు సాయం చేశాడు.

పెద్దాయన గడ్డం గీరుకుని, "అయితే క్లాజు ఉండాల్సిందే గదప్పా" అన్నాడు. ఆ క్షణాన నా కళ్ల ముందు మిద్దె మీద ఆరేసిన వడియాలు కనిపించాయి. వాటి పక్కన కాకుల్ని తోలుతూ మా చెల్లెలు. చెమటకు కోటు వీపుకు అతుక్కుపోయింది.

"ఇంక నువ్వు చెప్పు సారూ, జమ్మలమడుగు బాధ" అన్నాడు పెద్దాయన.

అరటి సారుకు మాటలు తక్కువ. గెలను కాలికి దగ్గరగా జరుపుకున్నారు. ఆయన ఏమీ చెప్పకపోతే నా పని అయిపోయినట్టే. నా వాదనకు జవాబు నేనే ఇచ్చుకోవడానికి ఆ పంచాయితీలో వీలు లేదు.

"మా కాలేజీలో సింహాద్రిపురం పక్క పల్లెల పిల్లలుండారు," అని మొదలుపెట్టారు. "మధ్యాన్నం పొద్దు వాలితే వాళ్లు నల్లబల్ల చూడరు, కిటికీలో నుంచి బస్టాండు పక్కకు చూస్తారు. బస్సు పోతే ఇంట్లో తిట్లు. దగ్గరోళ్లకే అట్లుంటే జమ్మలమడుగు పిల్లలు యాడొస్తారు? వాళ్లు మాలో కలవరు సామీ. చదువు మాని ఇంట్లోనే నిలిచిపోతారు. నా రిజిస్టర్లో పేర్లు పెరుగుతాయి, క్లాసులో పిల్లలు పెరగరు." ఆగి, మెల్లగా అన్నారు. "నేను అడిగింది నా బిల్డింగు కోసం. ఈ పిల్లోడు చెప్తాంటే నాకే బాగుండాదనిపించింది గానీ."

పెద్దాయన ఒక పండు తెంపి నాకిచ్చాడు. "తిని, ఇద్దరూ బతికే మాట ఒకటి రాయి. ఇంగ్లీషులో వద్దు. నేను నిలబడి చెప్పాల్సింది నా నోటికి రావాల గదా."

బొంతలోని చివరి కాగితం తిప్పి, దాని వెనక రాశాను. మహిళా కళాశాలలను, సొంత భవనం కట్టేవరకు, ఉన్న ఊళ్లోనే ఉండనివ్వాలి. పులివెందుల లాంటి కొత్త కాలేజీలకు ముందు హాస్టలు, ఆ తర్వాతే విలీనం మాట. అరటి సారు నా భుజం మీదుగా చూసి 'హాస్టలు' కింద రెండుసార్లు గీత గీశారు. అంతే. ఆ బొంత మొత్తంలో పనికొచ్చింది దాని వీపే.

బిల్లు మండలికి వచ్చిన రోజు మా ఇంట్లో టీవీ పెట్టుకుని కూర్చున్నాం. పెద్దాయన లేచి, మొదట మంత్రి గారి బాధ చెప్పాడు. అద్దెలు కట్టీ కట్టీ ఖజానా ఎట్లా అలిసిపోయిందో, కారే గోడౌనులో పిల్లల్ని కూర్చోబెట్టడం ఎంత తప్పో. మంత్రి గారు ఆశ్చర్యంగా తల తిప్పి వింటున్నారు. ఆ తర్వాత కిటికీలో నుంచి బస్టాండు చూసే పిల్లల మాట చెప్పి, నా రెండు వాక్యాలూ చదివి కూర్చున్నాడు. కాసేపటికి మంత్రి గారు లేచి, పెద్దాయన అడిగిన మార్పుకు ప్రభుత్వానికి అభ్యంతరం లేదన్నారు.

మా అమ్మ కళ్లొత్తుకుంది. "ఎంత బాగ చెప్పినాడు మహానుభావుడు. నువ్వూ లా చదివినావు గదా నాయనా, ఒక్కనాడన్నా అట్ల మాట్లాడినావా?" అంది. నేను చెల్లెలి వైపు చూశాను, సాక్ష్యం చెబుతుందేమోనని. దాని మొహం వేలాడి ఉంది. "కాలేజీ ఎట్లాగూ పోతాదని పుస్తకం ముట్టలేదన్నా. రేపు ఎకనామిక్స్ పరీక్ష. అంతా నీ వల్లే" అని విసవిసా లోపలికి పోయి లైటు వేసుకుంది.

ఇప్పుడు సీనియర్ని నేనే, మోకాళ్లు కూడా వారసత్వంగా వచ్చాయి. ఏదైనా బిల్లు గురించి శాసనసభ్యుల దగ్గరికి వెళ్లవలసి వస్తే ఒక్క పేజీతో వెళ్తాను, కూర్చోగానే మా ఎదుటి పక్షంవాళ్ల కష్టం మొదట చెబుతాను. ఆ నల్లకోటు కుర్రవాడు నాలోంచి పూర్తిగా పోలేదేమో, చెబుతూ చెబుతూ ఒక్కోసారి వాళ్లదే న్యాయమని నాకే అనిపించి గొంతు లేస్తుంది. అప్పుడు పక్కన కూర్చున్న రిజిస్ట్రారు గారు చిన్నగా దగ్గవలసి వస్తుంది.